రిలే 47 అంది, ఫాల్ట్ 58లో దొరికింది: ఒక 220 కె.వి. లైన్ ఇండక్టెన్స్ కేస్ స్టడీ

తెలంగాణలో రాతి నేలల మీదుగా పోయే ఒక 220 కె.వి. డబుల్ సర్క్యూట్ లైన్ కథ ఇది. పొడవు 76 కిలోమీటర్లు, ఫేజుకి ఒకే జీబ్రా కండక్టరు (స్టీలు చుట్టూ అల్యూమినియం పోగులు అల్లిన తీగ). రెండు చివర్ల సబ్‌స్టేషన్లని ఎ, బి అని పిలుస్తాను. నాది రిలే టెస్టింగ్ పని. ఈ లైన్ డిస్టెన్స్ రిలేకి (ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో లెక్కగట్టి బ్రేకరుని తెరిపించే పరికరం) సెట్టింగ్ షీటు తయారుచేసిందీ, దాని మీద సంతకం పెట్టిందీ నేనే. అందుకే ఈ కేసు మొదటి నుంచి చివరి దాకా రాయాల్సిన బాధ్యత నాదే అనుకుంటున్నాను.

ఆ ఏప్రిల్‌లో రెండో సర్క్యూట్ మీద ఇన్సులేటర్లు మార్చడానికి లైన్ క్లియర్ (సప్లై ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకున్నారు. రెండు చివర్లా ఎర్త్ స్విచ్‌లు వేసి ఉన్నాయి. అదే సమయంలో బి చివర మొదటి సర్క్యూట్ బ్రేకరుకి ఓవర్‌హాలింగ్ జరుగుతోంది. బి సబ్‌స్టేషన్‌కి వేరే లైన్ నుంచి సప్లై ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మొదటి సర్క్యూట్ ఎ వైపు నుంచి మాత్రమే చార్జ్ అయి, లోడు లేకుండా ఊరికే నిలబడి ఉంది. ఉదయం 9:40కి ట్రిప్ అయింది. ఆర్ ఫేజు నుంచి భూమికి ఫాల్ట్, జోన్-1 (రిలే ఆగకుండా వెంటనే ట్రిప్ కొట్టే పరిధి), దూరం 47.1 కిలోమీటర్లు. ట్రయల్ చార్జ్ చేస్తే మళ్లీ ట్రిప్, మళ్లీ 47.

47వ కిలోమీటరు అంటే లొకేషన్ 138, అంటే 138వ టవరు, చుట్టుపక్కల. లైన్ గ్యాంగు దానికి అటు పది, ఇటు పది టవర్లు ఎక్కి చూసింది. ఏప్రిల్ ఎండలో, నీడ లేని బండల మీద, రెండు రోజులు. ఏమీ లేదు. మూడో రోజు గొర్లు కాసే ఒక పెద్దాయన దారి చూపించాడు: "ఈడ కాదు బిడ్డా, గుట్ట అవతల. మొన్న పొద్దుగాల పెద్ద సప్పుడైంది." మధ్యాహ్నానికి లైన్‌మన్ నాకు ఫోన్ చేశాడు.

"సార్, 170ల దొరికింది. ఆర్ ఫేజు స్ట్రింగు కాలిపోయి ఉన్నది, డిస్కులు పలిగినయ్. రిలే చెప్పిన కాడికెళ్లి పదకొండు కిలోమీటర్లు సార్."

లొకేషన్ 170 అంటే ఎ నుంచి 58 కిలోమీటర్లు. ఒకటి రెండు కిలోమీటర్ల తేడా మామూలే, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పదకొండు మాత్రం మామూలు కాదు.

రికార్డులో తప్పిపోయిన 8 ఓంలు

ఇలాంటప్పుడు అందరి వేలూ ముందు రిలే వైపు, తర్వాత సీటీ (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మరు) వైపు పోతుంది. రిలేని సెకండరీ ఇంజెక్షన్‌తో (రిలేకి నేరుగా కరెంటు, వోల్టేజి ఇచ్చే పరీక్ష) చూశాం, బాగానే ఉంది. సీటీ రేషియో సరిగ్గానే ఉంది. ఆ తర్వాత డిస్టర్బెన్స్ రికార్డు (ఫాల్ట్ సమయంలో నమోదైన కరెంటు, వోల్టేజిలు) తెరిచి కూర్చున్నాను.

ఫాల్ట్ సమయంలో ఆర్ ఫేజు కరెంటు 3.1 కిలో ఆంపియర్లు, ఎ బస్సు దగ్గర మిగిలిన ఆర్ ఫేజు వోల్టేజి 104 కిలోవోల్టులు. రెసిస్టివ్ భాగం పక్కన పెట్టి రియాక్టెన్స్ (ఇండక్టెన్స్ వల్ల కరెంటుకి కలిగే అడ్డు) మాత్రమే తీస్తే 33.5 ఓంలు. బి చివర తెరిచి ఉంది కాబట్టి కరెంటంతా ఎ నుంచే వచ్చింది, మిగతా ఫేజుల్లో ఫాల్ట్ కరెంటు లేదు. ఇంత శుభ్రమైన రికార్డు ఏళ్లకొకసారి దొరుకుతుంది.

ఒక ఫేజు భూమిని తాకితే ఎ నుంచి కనిపించే రియాక్టెన్స్ కిలోమీటరుకి (2 × ఎక్స్1 + ఎక్స్0) / 3. ఎక్స్1 అంటే పాజిటివ్ సీక్వెన్స్ రియాక్టెన్స్ (మూడు ఫేజులూ సమతూకంగా ఉన్నప్పటిది), ఎక్స్0 అంటే జీరో సీక్వెన్స్ రియాక్టెన్స్ (మూడు ఫేజుల్లోనూ ఒకే కరెంటు కలిసి పోయి భూమిలోంచి తిరిగొచ్చేటప్పటిది). నా సెట్టింగ్ షీటులో ఎక్స్1 0.398, ఎక్స్0 1.339 ఓంలు. జీబ్రా లైన్లకి అందరూ వాడే పట్టికలోని అంకెలే అవి. వాటితో కిలోమీటరుకి 0.712 ఓంలు వస్తుంది. 58 కిలోమీటర్లకి 41.3 ఓంలు కనిపించాలి. కనిపించింది 33.5.

దాదాపు 8 ఓంలు మాయం. కండక్టరు అదే, టవర్లు అవే, మరి అవి ఎక్కడికి పోయాయి?

ఎక్స్1ని శూన్యం సూత్రంతో చూడటం

మొదటి అనుమానం ఎక్స్1 మీద. మధ్యలో ఎక్కడైనా కండక్టరు మార్చారా, టవరు డిజైను మారిందా అని మా ఆఫీసులో చర్చ నడిచింది. దీనికి కిట్లూ సాఫ్ట్‌వేర్లూ అక్కర్లేదు. పెన్నూ కాగితం చాలు.

ఫేజుకి మీటరు పొడవున ఇండక్టెన్స్ = 2 × 10⁻⁷ × లాగ్ (ఫేజుల మధ్య సగటు దూరం / కండక్టరు సగటు వ్యాసార్థం). ఇక్కడ లాగ్ అంటే సహజ లాగరిథం, దూరానికి గుణ సగటు (మూడు దూరాల గుణకారానికి ఘనమూలం) తీసుకోవాలి. ఈ సూత్రం శూన్యానికి రాసింది. గాలికి వాడితే తేడా ఎంతంటే, గాలి అయస్కాంత గుణం శూన్యానికంటే కోటిలో నాలుగు వంతులు కూడా ఎక్కువ కాదు. ఓవర్‌హెడ్ లైన్ విషయంలో శూన్యం, గాలి, వానలో తడిసిన గాలి అన్నీ ఒకటే. ఇండక్టెన్స్‌కి వాతావరణం పట్టదు.

ఆ 2 × 10⁻⁷ ఎక్కడిదో ఒక మాట చెప్పాలి, చాలామంది దాన్ని బట్టీ పట్టి వదిలేస్తారు. 1948లో ఆంపియర్‌ని నిర్వచించినప్పుడు ఇలా అన్నారు: శూన్యంలో ఒక మీటరు ఎడంగా పెట్టిన రెండు పొడవైన సమాంతర తీగల్లో ఎంత కరెంటు పారితే వాటి మధ్య మీటరుకి 2 × 10⁻⁷ న్యూటన్ల బలం పుడుతుందో అది ఒక ఆంపియర్. మన లైన్ సూత్రంలోని అంకె అదే. అంటే రెండు తీగల లైన్‌నే ప్రపంచం 71 ఏళ్ల పాటు కరెంటుకి కొలబద్దగా వాడింది. 2019 మే 20 నుంచి ఆంపియర్‌ని ఎలక్ట్రాన్ చార్జితో నిర్వచిస్తున్నారు కాబట్టి శూన్యం అయస్కాంత స్థిరాంకం ఇప్పుడు కొలిచి తెలుసుకునే అంకె అయింది. మన లెక్కల్లో ఏ దశాంశ స్థానంలోనూ దాని ప్రభావం కనిపించదు.

ఈ టవర్ల మీద ఒక సర్క్యూట్ ఫేజులు నిలువుగా ఉంటాయి. పైన ఆర్, మధ్యలో వై, కింద బి. పక్క పక్క ఫేజుల మధ్య 5 మీటర్లు, పైదానికీ కిందదానికీ మధ్య 10. గుణ సగటు 6.3 మీటర్లు. జీబ్రా మొత్తం వ్యాసం 28.62 మిల్లీమీటర్లు, సగం 14.31. ఇక్కడే తప్పులు జరుగుతాయి. అసలు వ్యాసార్థం 14.31 పెట్టేస్తే 0.3825 ఓంలు వస్తుంది. అది కండక్టరు బయట ఉన్న ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) లెక్క మాత్రమే. కండక్టరు లోపల కూడా కొంత ఫ్లక్స్ ఉంటుంది. గట్టి గుండ్రటి తీగ అయితే దాని వాటా కిలోమీటరుకి 0.05 మిల్లీహెన్రీ. తీగ సన్నదైనా లావుదైనా అదే 0.05, నాకు ఇప్పటికీ అందంగా అనిపించే ఫలితం అది. 50 హెర్ట్జ్ దగ్గర అది 0.0157 ఓం. దాన్ని కలుపుకోవడానికే వ్యాసార్థాన్ని 0.7788తో గుణించి తగ్గిస్తాం. అలా చేస్తే 0.398 వస్తుంది, పట్టికలో ఉన్న అంకె సరిగ్గా అదే. జీబ్రాలో స్టీలు చుట్టూ 54 అల్యూమినియం పోగులు మూడు పొరలుగా ఉంటాయి. ఆ అల్లికని లెక్కలోకి తీసుకుంటే సగటు వ్యాసార్థం 11.6 మిల్లీమీటర్ల దగ్గరకి వస్తుంది, అప్పుడు ఎక్స్1 0.396.

ఆఫీసులో మా కుర్రాడు ఒకడు 0.3825 తెచ్చి "సార్, దొరికింది తప్పు" అన్నాడు. లోపలి ఫ్లక్స్ వదిలేశాడని చూపించాను. ఆ పొరపాటు 76 కిలోమీటర్ల లైన్ మీద 3 కిలోమీటర్ల తేడా తెస్తుంది. చిన్నది కాదు, పదకొండూ కాదు.

అదే రికార్డులో ఎక్స్1కి ఇంకో సాక్ష్యం ఉంది. ఫాల్ట్‌కి ముందు లైన్‌లో లోడు లేదు, ఉన్నది చార్జింగ్ కరెంటు మాత్రమే. రికార్డు ప్రకారం ఫేజుకి 28 ఆంపియర్లు. శూన్యంలో ఉన్న లైన్‌కి బయటి ఇండక్టెన్స్‌నీ కెపాసిటెన్స్‌నీ గుణిస్తే ఎప్పుడూ ఒకటే వస్తుంది: కాంతి వేగం వర్గంతో ఒకటిని భాగిస్తే వచ్చేది. టవరు ఆకారం ఏదైనా ఈ నియమం మారదు. బయటి ఇండక్టెన్స్ కిలోమీటరుకి 1.2175 మిల్లీహెన్రీ అయితే కెపాసిటెన్స్ 9.14 నానోఫారడ్లు అయి తీరాలి. 127 కిలోవోల్టుల ఫేజు వోల్టేజితో 76 కిలోమీటర్లకి చార్జింగ్ కరెంటు 27.7 ఆంపియర్లు అవుతుంది. రికార్డు 28 అంటోంది. లైన్ పొడవూ, టవర్ల ఆకారమూ, కండక్టరూ మూడూ మేం అనుకున్నవే అని ఆ ఒక్క అంకె రూఢి చేసింది. ఫాల్ట్ కోసం రికార్డు తెరిచేవాళ్లు ఫాల్ట్‌కి ముందు ఉన్న నాలుగు సైకిళ్లని కూడా చూడాలని నా అభిప్రాయం. లైన్ తన గురించి తాను చెప్పుకునేది అక్కడే.

అయినా, 58 కిలోమీటర్లకి ఎక్స్1 మొత్తమే 23 ఓంలు. అందులోంచి 8 ఓంలు పోవాలంటే మూడో వంతైనా తప్పు ఉండాలి. ఎక్స్1 నిర్దోషి.

కరెంటు తిరిగి వచ్చే దారి

మిగిలింది ఎక్స్0. పట్టికలోంచి ఎత్తి రాసిన ఆ 1.339ని నేను ఎన్నడూ ప్రశ్నించలేదు.

తీగకి ఇండక్టెన్స్ ఉంటుంది అంటాం గానీ, అది తీగది కాదు. పోయే కరెంటూ తిరిగొచ్చే కరెంటూ కలిసి గీసే చుట్టుది. పైన రాసిన సూత్రంలో లాగరిథం లోపల ఉన్న దూరం తిరుగుదారి ఎంత ఎడంగా ఉందో చెబుతుంది. మూడు ఫేజులూ సమతూకంగా ఉన్నప్పుడు ఒక ఫేజులో పోయింది మిగతా రెండింట్లో తిరిగొస్తుంది, ఎడం 6.3 మీటర్లు. ఆ దూరాన్ని టవరు డ్రాయింగులో చూసుకోవచ్చు. ఫేజు భూమిని తాకితే కరెంటు నేలలోంచి తిరిగొస్తుంది. ఆ ఎడం ఏ డ్రాయింగులోనూ ఉండదు.

నేలలో తిరిగే కరెంటు లెక్కని 1926లో కార్సన్ తేల్చాడు. దాన్ని సులువు చేసి అందరూ వాడే రూపం ఇది: నేల కింద 658.5 × వర్గమూలం (నేల రెసిస్టివిటీ / ఫ్రీక్వెన్సీ) మీటర్ల ఎడంలో ఒక తిరుగు తీగ ఉన్నట్టు ఊహించుకోవాలి. నేల రెసిస్టివిటీ 100 ఓం మీటర్లు, ఫ్రీక్వెన్సీ 50 అయితే ఆ దూరం 931 మీటర్లు. టవరు మీద 6 మీటర్ల వ్యవహారం కాస్తా కిలోమీటరు వ్యవహారం అయిపోయింది. ఆ 931తో మా లైన్‌కి ఎక్స్0 లెక్కగడితే 1.337 వచ్చింది. పట్టికలోని 1.339 ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది: ఎవరో 100 ఓం మీటర్ల నేలని ఊహించారు. మాది గ్రానైటు. నేల రెసిస్టివిటీ పది రెట్లయితే ఎక్స్0 0.217 పెరుగుతుంది. కానీ పెరిగితే రిలే దూరం ఎక్కువ చూపించాలి కదా. మాకు తక్కువ చూపించింది. రాతి నేల ఈ కేసుని తేల్చకపోగా ఇంకా బిగించింది.

ఆ రాత్రి లాగ్ బుక్కు తిరగేస్తుంటే రెండో సర్క్యూట్ లైన్ క్లియర్ ఎంట్రీ కంటపడింది. "రెండు చివర్లా ఎర్త్ స్విచ్ క్లోజ్." జవాబు అక్కడ ఉంది. మొదటి సర్క్యూట్‌కి పక్కనే, 8 మీటర్ల ఎడంలో, మూడు జీబ్రా తీగలు రెండు చివర్లా భూమికి కలిసి ఉన్నాయి. కిలోమీటరు లోతున తిరగాల్సిన కరెంటుకి అవి పక్కింటి దారి. ట్రాన్స్‌ఫార్మరు సెకండరీని షార్ట్ చేసినట్టే. మొదటి సర్క్యూట్ కరెంటు వాటిలో ఎదురు కరెంటుని పుట్టిస్తుంది, ఆ ఎదురు కరెంటు మొదటి సర్క్యూట్ ఫ్లక్స్‌ని తినేస్తుంది.

మ్యూచువల్ (పక్క సర్క్యూట్ కరెంటు ఈ సర్క్యూట్‌లో వోల్టేజి పుట్టించడం) గురించి మాకు తెలియదా అంటే తెలుసు. రెండు సర్క్యూట్లూ సర్వీసులో ఉంటే ఫాల్ట్ కొంచెం దూరంగా కనిపిస్తుందని కూడా తెలుసు. లైన్ క్లియర్‌లో ఉన్న సర్క్యూట్ అంటే మాత్రం లేనట్టే అనుకున్నాం. మా లెక్కల్లో దానికి చోటు ఇవ్వలేదు.

కొలిచి చూడటం

రెండు సర్క్యూట్లకీ కలిపి షట్‌డౌన్ దొరకడానికి ఐదు వారాలు పట్టింది. మే చివర్లో ఒక ఆదివారం, ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు. లైన్ ఇంపిడెన్స్ కొలిచే కిట్ 50 హెర్ట్జ్‌కి అటూ ఇటూ ఉన్న ఫ్రీక్వెన్సీలలో కొద్ది ఆంపియర్లు పంపి, 50 దగ్గర విలువని లెక్కగడుతుంది. చుట్టుపక్కల లైన్ల నుంచి ఇండ్యూస్ అయ్యే 50 హెర్ట్జ్‌తో అలా గొడవ ఉండదు. దారిలో ఒక 132 కె.వి. లైన్ కొంత దూరం మాతో పాటే నడుస్తుంది, అందుకని ప్రతి కనెక్షనుకి ముందు ఎర్త్ వేసి, తెరిచిన వోల్టేజి చూసుకుని, ఆ తర్వాతే క్లాంపులు తగిలించాం. ఇందులో తొందర పనికిరాదు. చనిపోయిన లైన్ అని ఎవరు ఎంత గట్టిగా చెప్పినా పక్క లైన్ బతికే ఉంటుంది.

ముందు ఫేజుల మధ్య చుట్లు కొలిచాం. ఆర్-వై 57.6 ఓంలు, వై-బి 58.1, ఆర్-బి 64.5. లైన్‌కి ట్రాన్స్‌పోజిషన్ (దారిలో ఫేజుల స్థానాలు మార్చడం) లేదు కాబట్టి మూడూ ఒకటి కావు. మొదటి రెండింటిలో ఎడం 5 మీటర్లు, మూడోదానిలో 10. ఎడం రెట్టింపైతే లాగరిథం 0.693 పెరుగుతుంది, 76 కిలోమీటర్లకి అది 6.6 ఓంలు కావాలి. మాకు 6.4, 6.9 వచ్చాయి. సూత్రంలోని లాగరిథం ఇలా కిట్ తెర మీద కనిపిస్తే ఏ ఇంజినీరుకైనా సంతోషమే. మూడింటి సగటులో సగం 30.0 ఓంలు, అంటే కిలోమీటరుకి 0.395. కాగితం మీద వచ్చింది 0.396.

తర్వాత మూడు ఫేజులూ కలిపి, నేల తిరుగుదారిగా కొలిచాం. రెండో సర్క్యూట్ రెండు చివర్లా తెరిచి ఉండగా 36.2 ఓంలు. మూడు తీగలూ కలిసి పోతున్నాయి కాబట్టి మూడుతో గుణించి 76తో భాగిస్తే ఎక్స్0 1.43. పట్టిక కంటే దాదాపు 7 శాతం ఎక్కువ, రాతి నేల ప్రభావం ఇది. తిరుగుదారి ఎడం కిలోమీటరున్నర అన్నమాట.

బి చివరికి ఫోన్ చేసి, రెండో సర్క్యూట్ ఎర్త్ స్విచ్‌లు వేయమన్నాం. మా వైపూ వేశాం. మొదటి సర్క్యూట్‌ని ఎవరూ తాకలేదు. మళ్లీ కొలిస్తే 20.0 ఓంలు.

నాతో ఉన్న టెస్టర్, కిట్ తప్పేమోనని, మళ్లీ కొలిచాడు. మళ్లీ 20.0. పక్క సర్క్యూట్ స్విచ్‌లు తెరిస్తే 36.2, వేస్తే 20.0. దాదాపు సగం. కిలోమీటరుకి 1.43 ఉన్నది 0.79 అయింది.

చివరగా రెండో సర్క్యూట్‌ని ఎ చివర మాత్రం తెరిచి, మొదటిదాంట్లో కరెంటు పంపి, రెండోదాంట్లో పుట్టే వోల్టేజి చూశాం. ఆంపియర్‌కి 24.2 వోల్టులు. 24.2 వర్గాన్ని 36.2తో భాగించి 36.2లోంచి తీసేస్తే 20.0. మూడు కొలతలూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాయి.

ఇక ఏప్రిల్ ఫాల్ట్‌కి వద్దాం. ఆ రోజు కరెంటు 76లో 58 కిలోమీటర్లే పారింది, ఎదురు కరెంటు మాత్రం రెండో సర్క్యూట్ మొత్తం పొడవునా తిరగాలి. ఆ నిష్పత్తి కూడా పెడితే ఆ 58 కిలోమీటర్లకి లెక్కలోకి వచ్చే ఎక్స్0 కిలోమీటరుకి 0.94. అప్పుడు కనిపించాల్సిన రియాక్టెన్స్ 33.5 ఓంలు. రికార్డులో ఉన్నదీ 33.5. పాత సెట్టింగులతో రిలే దాన్ని 47.1 అనే చదవాలి. అది చేయాల్సిన పని అది సరిగ్గానే చేసింది. తప్పుడు ఎక్స్0 ఇచ్చింది నేను.

దూరం తప్పు కంటే పెద్ద విషయం

పెట్రోలింగ్ రెండు రోజులు వృథా అయిందనే దగ్గరే ఆగితే ఈ కేసు సగమే అర్థమైనట్టు. జోన్-1ని లైన్ పొడవులో 80 శాతానికి, అంటే 60.8 కిలోమీటర్లకి పెట్టాం. పక్క సర్క్యూట్ ఎర్త్ అయి ఉన్నప్పుడు సరిగ్గా బి బస్సు దగ్గర, 76వ కిలోమీటరులో ఫాల్ట్ పడితే రిలేకి అది 56.3గా కనిపిస్తుంది. 60.8 లోపలే. అంటే బి బస్సు ఫాల్ట్‌కీ, బి దాటి తర్వాతి లైన్ మొదట్లో పడ్డ ఫాల్ట్‌కీ ఎ రిలే ఒక్క క్షణం ఆగకుండా ట్రిప్ కొడుతుంది. ఒక సర్క్యూట్ షట్‌డౌన్‌లో ఉండి, ఉన్న ఒక్క సర్క్యూట్ మీద లోడంతా పడినప్పుడే ఈ ప్రమాదం. ఎప్పుడు పోకూడదో అప్పుడే పోతుంది.

మా రిలేలో పక్క సర్క్యూట్ న్యూట్రల్ కరెంటుని తీసుకుని మ్యూచువల్‌ని సరిచేసే సదుపాయం ఉంది. అది కలిపితే సరిపోతుందని ఒక సూచన వచ్చింది. ఈ పరిస్థితిలో అది పనిచేయదు. ఎర్త్ స్విచ్ సీటీకి లైన్ వైపు ఉంటుంది. ఎదురు కరెంటు ఒక చివర ఎర్త్ స్విచ్‌లోంచి దిగి, నేలలోంచి పోయి, రెండో చివర ఎర్త్ స్విచ్‌లోంచి ఎక్కుతుంది. సీటీ దాకా రానే రాదు. సీటీ సున్నా అంటుంది, రిలే నమ్ముతుంది. ఈ ఒక్క మాట అర్థం కావడానికి సింగిల్ లైన్ డయాగ్రాం మీద వేలు పెట్టి నడిపించాల్సి వచ్చింది.

చివరికి ఏం మార్చాలన్న దాని మీద మా సీనియర్‌కీ నాకూ అభిప్రాయ భేదం వచ్చింది. లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు ఆపరేటరు రిలేని రెండో సెట్టింగ్ గ్రూపుకి మార్చాలని ఆయన అన్నారు. నాకు అది నచ్చలేదు. ఎ చివర ఆపరేటరుకి బి చివర ఎర్త్ స్విచ్ సంగతి ఫోన్ మీదే తెలుస్తుంది. రాత్రి షిఫ్టులో, వానలో, ఒక్కసారి మరిచిపోతే చాలు. మా రిలేలో భూమి తిరుగుదారి సర్దుబాటు అంకె కె0ని జోన్-1కి ఒకటి, మిగతా జోన్లకి ఒకటి ఇచ్చే వీలుంది. జోన్-1కి ఎప్పుడూ ఎక్స్0 0.79నే లెక్కగా పెట్టి శాశ్వతంగా వదిలేద్దాం అన్నాను. దానికి నష్టం ఉంది. పక్క సర్క్యూట్ తెరిచి ఉన్న రోజుల్లో భూమి ఫాల్ట్‌లకి జోన్-1 చేరువ 80 శాతం నుంచి 57 శాతానికి పడిపోతుంది. అయితే మాకు రెండు చివర్ల మధ్య క్యారియర్ ఎయిడెడ్ స్కీము (రెండు చివర్ల రిలేలు ఒకదానికొకటి సిగ్నల్ పంపుకునే ఏర్పాటు) ఉంది, మిగిలిన భాగాన్ని అది చూసుకుంటుంది. జోన్-2కి (లైన్ చివర దాటి చూసి, కాస్త ఆగి ట్రిప్ కొట్టే పరిధి) మాత్రం ఆ చిన్న అంకె పెట్టకూడదు. పెడితే 120 శాతం అనుకున్నది 85 శాతమే అయి, లైన్ చివర భాగాన్ని ఎవరూ చూడరు. జోన్-2కి కొలిచిన 1.43 ఇచ్చాం. రెండు వారాల చర్చ తర్వాత సీనియర్ ఒప్పుకున్నారు. "మనిషి గుర్తుపెట్టుకోవాల్సింది ఎంత తక్కువుంటే అంత మంచిది, కానివ్వండి" అని షీటు మీద సంతకం పెట్టారు.

ఫాల్ట్ లొకేటరుకి ఎక్స్1 0.395, ఎక్స్0 1.43 పెట్టాం. అది పక్క సర్క్యూట్ ఎర్త్ అయి ఉంటే ఇప్పటికీ తక్కువే చూపిస్తుంది, దాన్ని అంకెతో దిద్దలేం. అందుకని ఒక చిన్న పట్టిక గీసి కంట్రోల్ రూములో అతికించాను. ఎ నుంచి మాత్రమే ఫీడ్ ఉన్నప్పుడు, పక్క సర్క్యూట్ రెండు చివర్లా ఎర్త్ అయి ఉంటే, 18.5 చూపిస్తే 20కి వెళ్లండి, 33.9 చూపిస్తే 40కి, 45.3 చూపిస్తే 58కి, 54.1 చూపిస్తే లైన్ చివరికి. బి చివర నుంచి కూడా ఫీడ్ ఉంటే ఈ పట్టిక వాడకూడదు. అప్పుడు రెండు చివర్ల రికార్డులూ తెప్పించి లెక్క వేయాల్సిందే. ఆ మాట ఎర్ర సిరాతో రాశాను.

టవరు మీద ఉన్న మనుషులు

ఇంకొకటి రాయకుండా ఈ కేసు మూయలేను. ఆ 9:40కి రెండో సర్క్యూట్ మీద ఇన్సులేటర్లు మారుస్తున్న గ్యాంగు టవరు మీదే ఉంది. ఎదురు కరెంటు ఎంతో లెక్కగట్టాను. మొదటి సర్క్యూట్‌లో 3.1 కిలో ఆంపియర్లు పారితే, రెండోదాంట్లో దానికి దాదాపు సగం, మూడు తీగలూ కలిపి 1,500 ఆంపియర్లకి పైగా పారి ఉండాలి. చచ్చిన లైన్ అని చేతులు పెట్టి పనిచేస్తున్న తీగల్లో.

వాళ్లకి ఏమీ కాలేదు. పని చేసే చోటుకి అటూ ఇటూ లోకల్ ఎర్త్ రాడ్లు పద్ధతి ప్రకారం బిగించి ఉన్నాయి కాబట్టి వాళ్లు నిలబడ్డ చోట తీగకీ టవరుకీ మధ్య తేడా పెరగలేదు. గ్యాంగు మేస్త్రీతో తర్వాత మాట్లాడాను. "ఏదో చిన్నగ గుయ్‌మన్నది సార్, గాలేమో అనుకున్నం" అన్నాడు. ఎర్త్ రాడ్డు ఒకటే వేసి పని కానిచ్చేసే అలవాటు కొన్ని చోట్ల ఉందని ఈ రంగంలో అందరికీ తెలుసు. ఆ రోజు ఈ గ్యాంగు అలా చేసి ఉంటే నేను రాస్తున్నది వేరే రిపోర్టు అయ్యేది. 1,500 అనే ఆ అంకెని ట్రైనింగ్ క్లాసులో బోర్డు మీద రాసి చూపిస్తున్నాను, ఎందుకో లెక్కతో సహా.

అక్టోబరు కొలత

సమీక్షలో ఒక అభ్యంతరం మిగిలిపోయింది. మే నెలలో నేల ఎండిపోయి ఉంటుంది, ఎక్స్0 1.43 రావడం ఎండాకాలం చలవే, వానలు పడితే మళ్లీ 1.34కి దిగుతుంది అని. సబబైన ప్రశ్నే. కానీ 50 హెర్ట్జ్ కరెంటు ఈ నేలలో కిలోమీటరుకి పైగా లోతుకి పరుచుకుంటుంది. వాన తడిపేది పైన కొన్ని మీటర్లే, ఆ కింద గ్రానైటు ఎప్పటిలాగే ఉంటుంది. తేడా ఉండదని నా అంచనా. అంచనాతో వాదించడం ఇష్టం లేక, అక్టోబరులో వార్షిక మెయింటెనెన్స్ షట్‌డౌన్ వచ్చినప్పుడు అదే కిట్, అదే కనెక్షన్లతో మళ్లీ కొలిచాం. దారి పొడవునా చెరువులు నిండి ఉన్నాయి, బి చివర ఎర్త్ పిట్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి.

పక్క సర్క్యూట్ తెరిచి ఉండగా 36.1 ఓంలు. ఎర్త్ చేస్తే 20.0. కొత్త సెట్టింగులు అలాగే ఉంచాం.